రొయ్యలు ఒలిచే మా చేతులను కెమెరాలో తీస్తారట, ఒప్పుకోమంటారా?

విశాఖపట్నం నుంచి ఒక సోదరి రాసిన ఉత్తరం ఇది. తన పేరు, కంపెనీ పేరు బయట పెట్టవద్దన్నారు. చాలా పెద్ద ఉత్తరం కాబట్టి ముఖ్యమైన సంగతులు క్లుప్తంగా ఇస్తున్నాను.

ఆవిడకు 42 ఏళ్లు. సొంతూరు శ్రీకాకుళం జిల్లాలో సముద్రపు ఒడ్డున ఉన్న పల్లె. పెళ్లయ్యాక గాజువాక వచ్చారు. రొయ్యల ప్రాసెసింగ్ కంపెనీలో పీలింగ్ టేబుల్ దగ్గర కిలో లెక్కన ఒలిచే పనితో మొదలుపెట్టి సూపర్‌వైజర్ అయ్యారు. ఆవిడ కింద షిఫ్టుకు 60 మంది ఆడవాళ్లు పనిచేస్తున్నారు. సగం మంది ఆవిడ మాట నమ్మి, ఆవిడ సొంతూరి చుట్టుపక్కల ఊళ్ల నుంచి వచ్చినవాళ్లే. అందరూ "అప్పా" (అక్కా) అని పిలుస్తారు.

గత నెల మేనేజర్‌తో కలిసి బెంగళూరు నుంచి ఇద్దరు కుర్రాళ్లు వచ్చారట. తలకు పట్టీతో కట్టుకునే చిన్న కెమెరా చూపించారు. నాలుగు నెలల పాటు అది పెట్టుకుని మామూలుగా పని చేసుకుంటే రోజుకు 100 రూపాయలు అదనంగా ఇస్తామన్నారు. ఎందుకని అడిగితే మేనేజర్ "క్వాలిటీ కోసం" అన్నాడు. ఆ కుర్రాళ్లలో ఒకడు "రోబోకు ట్రైనింగ్ కోసం ఆంటీ" అన్నాడు. సంతకం పెట్టమని ఇచ్చిన కాగితం ఇంగ్లీషులో ఉంది. "నువ్వు చెబితే అందరూ వింటారు" అని మేనేజర్ ఈవిడకే బాధ్యత అప్పజెప్పాడు. ఫ్లోర్ ఇన్‌చార్జ్ పోస్టు ఖాళీ అవుతోందని కూడా చెవిన వేశాడు. వచ్చే సోమవారం వర్కర్లతో మీటింగు.

ఆటో నడిపే భర్త "మన గొయ్యి మనమే తవ్వుకుందామా" అంటున్నాడు. ఇంటర్ రెండో ఏడాది ఎంపీసీ చదువుతున్న కూతురేమో రోబోటిక్స్‌లో బీటెక్ చేస్తానంటోంది, చదివించవచ్చా అని కూడా ఆవిడ అడిగారు. ఐసు నీళ్లలో నాని పగిలిన అమ్మ వేళ్లకు రోజూ రాత్రి వాజిలిన్ రాసేది ఆ పిల్లే. రాస్తూ రాస్తూ ఒకరోజు "ఈ పని మిషను చేస్తే తప్పేంటమ్మా?" అని అడిగిందట. "దానికి నా దగ్గర జవాబు లేదు. మా ఊరి గుంటలకు (ఆడపిల్లలకు) నేనే పని నేర్పాను. ఇప్పుడు వాళ్ల చేతులతోనే మిషనుకు నేర్పిస్తే ఆ పాపం నాదే కదా? వద్దంటే నా ఉద్యోగం? నిద్ర పట్టడం లేదు" అని ఉత్తరం ముగించారు.

సమాధానం:

అమ్మా, మీ ఉత్తరంలో నన్ను ఆపేసిన వాక్యం చివర్లోది కాదు. మేనేజర్ ఒకటి చెప్పడం, ఆ కుర్రాడు ఇంకొకటి చెప్పడం. మీరు దాన్ని మధ్యలో ఎక్కడో ఒక ముక్కలో రాసి ముందుకు వెళ్లిపోయారు. నా దృష్టిలో అసలు సంగతి అక్కడే ఉంది. ఇద్దరూ నిజమే చెబుతూ ఉండవచ్చు కూడా. అలాగైతే ఒకే కెమెరా రెండు పనులు చేస్తుంది. అందులో ఏ పనికి మీరు ఒప్పుకుంటున్నారో తెలియకుండా సంతకం పెట్టడం మాత్రం వద్దు.

మీ చేతుల వీడియో వాళ్లకు ఎందుకంత కావాలో ముందు చెప్పుకుందాం. ఇన్నాళ్లూ మనకు తెలిసిన ఏఐ ఫోన్లో, కంప్యూటర్లో ఉండేది. ఉత్తరం రాసిపెట్టడం, బొమ్మ గీయడం లాంటివి చేసేది. మనుషులు ఇంటర్నెట్‌లో ఉంచిన రాతలు, బొమ్మలు లెక్కలేనన్ని చూసి ఆ విద్య నేర్చింది. ఇప్పుడు ఆ తెలివిని చేతులున్న యంత్రాలకు ఎక్కించాలని పెద్ద కంపెనీలు పోటీపడుతున్నాయి. నోటితో చెప్పిన పనిని కెమెరాతో చూసి అర్థం చేసుకుని రోబో చేతిని కదిలించే ఆర్‌టీ-2 అనే మోడల్‌ను గూగుల్ డీప్‌మైండ్ 2023లో చూపించింది. ఏఐలో తర్వాతి ఘట్టం ఇదేనని, ఏఐకి కావాల్సిన చిప్‌లు తయారుచేసే ఎన్‌విడియా కంపెనీ అధిపతి జెన్సెన్ హువాంగ్ 2025 జనవరిలో వేదికెక్కి చెప్పాడు. అయితే వాళ్లకు ఒక చిక్కుంది. చేతి పని ఎక్కడా రాసి లేదు. రొయ్య తలను ఎంత నొక్కితే ఊడి వస్తుందో, ఇంకొంచెం నొక్కితే కండ ఎలా చితుకుతుందో ఏ పుస్తకంలోనూ దొరకదు. అది మీ వేళ్లలోనే ఉంది.

అందుకే కెమెరాలు. ఇది మీ కంపెనీలోనే పుట్టిన ఆలోచన కూడా కాదు. ఫేస్‌బుక్ వాళ్లు 2021లో కొన్ని యూనివర్సిటీలతో కలిసి, తలకు కెమెరా కట్టుకుని రోజువారీ పనులు చేసుకునే మనుషుల వీడియోలను 3,000 గంటలకు పైగా పోగేశారు. మొత్తం 9 దేశాల్లో తీశారు. మన హైదరాబాద్ ట్రిపుల్ ఐటీ కూడా అందులో పాలుపంచుకుంది. అది పరిశోధన కోసం తీసినది. మీ దగ్గర జరగబోయేది వ్యాపారం. ఆ తేడా గుర్తుంచుకోండి, ధర మాట్లాడేటప్పుడు పనికొస్తుంది.

ఇక "మా పని ఎప్పుడు పోతుంది" అన్న భయం. ఫలానా ఏడాదికల్లా పోతుందని ఎవరైనా చెబితే నమ్మకండి. 1980ల్లోనే హాన్స్ మొరావెక్ అనే రోబో శాస్త్రవేత్త ఒక మాట అన్నాడు. తెలివితేటల పరీక్షల్లో పెద్దవాళ్లతో సమానంగా కంప్యూటర్‌ను నిలబెట్టవచ్చు గానీ, ఏడాది పిల్లకు ఉండే చూపూ కదలికా దానికి నేర్పడం మహా కష్టమని. మీ టేబుల్ మీదికి వచ్చేది తడిసి, జారిపోయే సరుకు. ఏ రెండు రొయ్యలూ ఒకేలా ఉండవు. తల తీసి, కాళ్లతో సహా పొట్టు లాగి, వీపున సన్నగా గీసి నల్ల నరం తీసి, చివరి గణుపూ తోకా మాత్రం చెక్కుచెదరకుండా ఉంచాలి. కెమెరాకు వేళ్ల కదలిక కనిపిస్తుంది, ఎంత బలంగా నొక్కారో కనిపించదు. స్పర్శ తెలిసే వల్కన్ అనే రోబోను అమెజాన్ 2025లో బయటపెట్టింది. అది పెట్టెలు, డబ్బాలు, ప్యాకెట్లు సర్దే రోబో. పచ్చి రొయ్య దాని జోలికి ఇంకా రాలేదు. కాబట్టి రేపో ఎల్లుండో ఆ కుర్రాళ్లు సెన్సర్లున్న చేతి తొడుగులు కూడా తెచ్చి వేసుకోమంటే, అప్పుడు వాళ్లు అడుగుతున్నది ఇంకా ఖరీదైన విద్య అని తెలుసుకోండి. 100 రూపాయలు దానికి ఏ మూలకూ చాలవు.

ఇంకో సంగతి వింటే మీకు ఆశ్చర్యం కలుగుతుంది. రొయ్యలు ఒలిచే యంత్రం కొత్తది కాదు. అమెరికాలోని లూసియానాలో లాపెయిర్ అనే కుర్రాడు 1940ల్లోనే రోలర్ల మధ్య పొట్టు లాగేసే మిషను కనిపెట్టాడు. ఆ రకం మిషన్లు ఇప్పటికీ అమ్ముడవుతున్నాయి. అయినా 80 ఏళ్ల తర్వాత కూడా మీ హాల్లో 60 జతల చేతులు ఎందుకున్నాయి? తోక చక్కగా నిలవాలి, కండ వృథా కాకూడదు అన్నవి కొంత కారణం. రెండో కారణం చెప్పడానికి నాకు కష్టంగానే ఉంది: మీ కూలి ఆ మిషను కంటే చౌక. 2024-25లో మన దేశం నుంచి రూ.62,408 కోట్ల సముద్ర ఉత్పత్తులు ఎగుమతయ్యాయి. సింహభాగం రొయ్యలదే. ఆ వ్యాపారం చవక చేతుల మీద నడిచినంత కాలం, మిషను వస్తుందా రాదా అన్నది దాని తెలివి ఒక్కటే తేల్చదు. కిలోకు మీకిచ్చే రేటు కూడా తేలుస్తుంది. అలాగని అన్ని సెక్షన్లూ ఒకే రీతిలో భద్రం అనుకోకండి. సైజు, రంగు, విరిగిన ముక్క చూసి వేరు చేసే కెమెరా గ్రేడింగ్ మిషన్లు మార్కెట్లో ఇప్పటికే ఉన్నాయి. ముందుగా కదిలేది పీలింగ్ కాదు, గ్రేడింగ్ బెల్టు.

నాకు రోబో కంటే దగ్గరలో కనిపిస్తున్న ముప్పు వేరే ఉంది. మేనేజర్ "క్వాలిటీ" అన్నది గుర్తుందా? నాలుగు నెలల వీడియో ఉంటే ఎవరు నిమిషానికి ఎన్ని ఒలిచారు, ఎవరు నీళ్లు తాగడానికి ఎంతసేపు వెళ్లారు, ఎవరు ఎవరితో మాట్లాడారు అన్నీ లెక్క తీయవచ్చు. అందరిలోకీ వేగంగా ఒలిచే అమ్మాయి లెక్క చూపించి మిగిలిన 59 మందికి కిలో రేటు తగ్గించవచ్చు. నెలసరి నొప్పితో టేబుల్‌కు ఆనుకుని రెండు నిమిషాలు ఆగిన పిల్ల కూడా అందులో పడుతుంది. దానికి రోబో రానక్కర్లేదు, వీడియో ఉంటే చాలు. పైగా కెమెరాలో మైకు ఉంటే మేనేజ్‌మెంట్ గురించి మీరంతా గుసగుసలాడుకునేది కూడా ఎక్కుతుంది. మీ భర్త దూరంగా ఉన్న గోతిని చూసి భయపడుతున్నారు. ముందు ఈ దగ్గరి గుంట చూసుకోండి.

సరే, సోమవారం ఏం చేయాలి? మీ ముందు ఉన్న దారులు, వాటి వెంట వచ్చేవి చెబుతాను. నిర్ణయం మీదే.

మీరు వద్దనేయవచ్చు. "నేను పెట్టుకోను, ఎవరికీ చెప్పను" అనవచ్చు. మనసు తేలికపడుతుంది. ఇన్‌చార్జ్ పోస్టు పోవచ్చు, మేనేజర్ మొహం మాడ్చుకోవచ్చు. అయితే ఆ పని ఇంకో సూపర్‌వైజర్‌కు అప్పజెబుతారు. ఆవిడకు ఈ ప్రశ్నలేవీ తట్టకపోవచ్చు. మీ అమ్మాయి "నువ్వు వద్దంటే ఆగుతుందా" అన్న అర్థంలోనే మాట్లాడుతోందని నాకనిపిస్తోంది, ఆ మేరకు ఆమె మాటలో నిజం ఉంది. మీ ఒక్కరి నిరాకరణతో విశాఖలో రోబోలు ఆగవు. అందుకే ఆ పాపం మీదేనన్న మాట కూడా నేను ఒప్పుకోను. మీ భుజాల మీద లేని బరువును మీరే ఎత్తుకుంటున్నారు.

ఒప్పేసుకుని, పోస్టు తీసుకుని, అందరిచేతా సంతకాలు పెట్టించవచ్చు. జీతం పెరుగుతుంది, కూతురి చదువుకు అక్కరకొస్తుంది. దీన్ని తప్పుపట్టే హక్కు నాకు లేదు. కాకపోతే ఆ పిల్లలు కాగితం చదివి సంతకం పెట్టరు, మీ ముఖం చూసి పెడతారు. కంపెనీ మీ నుంచి కోరుతున్నది కూడా సరిగ్గా అదే. రేపు కిలో రేటు తగ్గిన రోజున వాళ్లు మేనేజర్‌ను తిట్టుకోరు. ఊళ్లో మీ అమ్మానాన్నల ఇంటి ముందు నిలబడి అడుగుతారు. ఈ ఖర్చు కూడా లెక్కలో వేసుకునే నిర్ణయించుకోండి.

మూడో దారి కొంచెం ఓపిక కావాల్సింది. నా మొగ్గు అటువైపే. సోమవారం లోపే మేనేజర్ దగ్గరకు వెళ్లండి. "కాదనడం లేదు సార్, అమ్మాయిలు నన్ను అడుగుతారు, ఏం చెప్పాలో రాసివ్వండి" అనండి. అలా అడిగితే ఎదురు తిరిగినట్టు ఉండదు. వీడియో ఎవరి చేతికి వెళుతుంది? రోబో శిక్షణకు తప్ప వేగం కొలవడానికి, రేటు మార్చడానికి వాడబోమని రాసిస్తారా? మాటలు రికార్డవుతాయా? బాత్రూముకు, భోజనానికి వెళ్లేటప్పుడు తీసి పక్కన పెట్టవచ్చా? పెట్టుకోనన్న వాళ్లకు టేబుల్ మార్చడం, షిఫ్టు మార్చడం లాంటివి ఉండవని హామీ ఇస్తారా? తలకు బరువు కట్టుకుని ఒలిస్తే వేగం తగ్గుతుంది, ఆ నష్టం పోను 100 మిగులుతుందా? కిలో లెక్కన బతికేవాళ్లకు ఈ చివరి ప్రశ్న అన్నిటికంటే ముఖ్యం. కెమెరా పెట్టుకుని ఒక షిఫ్టు ఒలిచి, తూకం దగ్గర ఆ రోజు లెక్కనూ అంతకు ముందు రోజు లెక్కనూ పోల్చి చూస్తే తెలిసిపోతుంది. ఈ ప్రశ్నలకు జవాబు రాసిస్తే మంచిదే. రాసివ్వబోమంటే అదీ ఒక జవాబే, అమ్మాయిలకు ఆ ముక్కే చెప్పండి.

ఈ దారిలోనూ చిక్కు లేకపోలేదు. "ఇన్ని ప్రశ్నలా?" అని మిమ్మల్ని పక్కన పెట్టవచ్చు. అందుకని ఒంటరిగా వెళ్లకండి, పాతకాపులు ఇద్దరు ముగ్గురిని వెంట తీసుకెళ్లండి.

చట్టం సంగతి రెండు ముక్కల్లో. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ప్రకారం, మన సమాచారం తీసుకునే ముందు ఎందుకోసమో చెప్పే నోటీసు ఇవ్వాలి. దాన్ని తెలుగులో కావాలని అడిగే వీలుంది. ఇచ్చిన సమ్మతిని తర్వాత వెనక్కి తీసుకునే హక్కు కూడా ఉంది. అయితే 2025 నవంబరులో నోటిఫై చేసిన నిబంధనల ప్రకారం ఇందులో ముఖ్యమైన భాగాలు 18 నెలల తర్వాతే అమల్లోకి వస్తాయి. పైగా ఉద్యోగ అవసరాలకైతే సమ్మతి లేకుండానే వాడుకునే వెసులుబాటు యజమానికి ఆ చట్టంలోనే ఉంది. మేనేజర్ "క్వాలిటీ కోసం" అనడం ఊరికే నోటికొచ్చి అన్న మాట కాకపోవచ్చు. మీ వీడియోను బయటి కంపెనీ రోబోకు పాఠంగా ఇవ్వడం మీ ఉద్యోగ అవసరం ఎలా అవుతుందని మీరు అడగవచ్చు. రెండోది, 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చిన పారిశ్రామిక సంబంధాల కోడ్ అనే కార్మిక చట్టంలో, మనుషులను తగ్గించే అవకాశమున్న యంత్రాల మార్పులకు ముందుగా 21 రోజుల నోటీసు ఇవ్వాలన్న నియమం ఉంది. మీ అమ్మాయిలు కంపెనీ రోల్స్ మీద ఉన్నారా, కాంట్రాక్టర్ కిందా అన్నదాన్ని బట్టి ఇది ఎలా వర్తిస్తుందో లేబర్ ఆఫీసులో కనుక్కోండి. అందరి దగ్గరా నియామక పత్రం ఉందో లేదో కూడా ఇప్పుడే చూడండి. కొత్త కోడ్‌ల ప్రకారం అది ఇవ్వడం తప్పనిసరి. ఏ గొడవ వచ్చినా ముందు అడిగేది ఆ కాగితమే.

మీటింగులో మాట్లాడక తప్పకపోతే మీకు తెలిసింది తెలిసినట్టు చెప్పండి. కాగితంలో ఉన్నది తెలుగులో చదివి వినిపించండి. "నేను పెట్టుకుంటున్నాను" అనో "పెట్టుకోవడం లేదు" అనో మాత్రం అక్కడ అనకండి. మీరు ఏది అంటే అదే వాళ్ల నిర్ణయం అయిపోతుంది. ఇంటికెళ్లి ఆలోచించుకోవడానికి వారం గడువు అడగండి. ఎవరు పెట్టుకున్నా, ఎవరు మానేసినా మీరు వాళ్లకు అప్పగానే ఉంటారు.

ఇప్పుడు ఆ వాజిలిన్ రాత్రి ప్రశ్న. ఈ పని మిషను చేస్తే తప్పేంటని అడిగింది మీ పిల్ల. తప్పేమీ లేదమ్మా. గంటల తరబడి తడి నేల మీద గమ్‌బూట్లతో నిలబడి, ఐసులో వేళ్లు తిమ్మిరెక్కి పోయే పని మనిషే చేయాలని ఎక్కడా రాసి లేదు. ఆ పని పోయాక మనిషి ఏం తినాలన్నదే ప్రశ్న. దానికి జవాబు మిషను చెప్పదు, మీ కూతురు చెప్పగలిగేదీ కాదు. కంపెనీ, ప్రభుత్వం చెప్పాలి. ఆ పిల్ల మీ పనిని చిన్నచూపు చూసి అలా అన్నదని మీరు నొచ్చుకున్నట్టు ఉత్తరంలో రెండు చోట్ల అనిపించింది. నాకైతే అలా కనిపించలేదు. మీ వేళ్లను అంత దగ్గర నుంచి చూసేది ఆ ఇంట్లో తనొక్కతే.

రోబోటిక్స్ చదివించవచ్చా అంటే, నిక్షేపంగా చదివించండి. అయితే కోర్సు పేరు చూసి సీటు తీసుకోకండి. రోబో అంటే మోటార్లు, సెన్సర్లు, కరెంటు, కోడింగ్ అన్నీ కలిసినది. మంచి కాలేజీలో మెకానికల్ గానీ ఈసీఈ గానీ ట్రిపుల్‌ఈ గానీ చదివి ఆ పైన రోబోటిక్స్ వైపు వెళ్లడం, ల్యాబ్ లేని కొత్త కాలేజీలో "రోబోటిక్స్ అండ్ ఏఐ" అన్న బోర్డు కింద కూర్చోవడం కన్నా మేలు. విశాఖకు గూగుల్ వస్తోందని పిల్లలందరూ కలలు కంటున్నారు. 5 ఏళ్లలో 1,500 కోట్ల డాలర్లతో ఇక్కడ ఏఐ హబ్ పెడతామని 2025 అక్టోబరులో ఆ సంస్థ ప్రకటించిన మాట నిజమే. కానీ అందులో ప్రధానమైన డేటా సెంటర్ (వేల కంప్యూటర్లు నడిచే భవనం) కట్టేటప్పుడు ఎక్కువ మందికి పని దొరుకుతుంది, నడిపేటప్పుడు తక్కువ మందికి. ఆ తక్కువ మందిలో కరెంటు, కూలింగ్ తెలిసినవాళ్లు ముందుంటారు. మీ కంపెనీలోనే చూడండి, ఫ్రీజింగ్ ప్లాంటు ఆగిపోతే అర్ధరాత్రి ఎవరికి ఫోన్ వెళుతుందో, ఆయన జీతం ఎంతో. ఒకరోజు ఆయన దగ్గర కూర్చోబెట్టి, ఏం చదువుకుంటే ఆ పని వస్తుందో మీ అమ్మాయినే అడగమనండి.

ఈఏపీసెట్ కౌన్సెలింగ్‌లో ఆప్షన్లు పెట్టే ముందు, అనుకున్న కాలేజీలకు తల్లీకూతుళ్లిద్దరూ కలిసి వెళ్లండి. ల్యాబ్ తలుపు తీయించి, లోపల ఉన్న మిషన్లను పిల్లలు నిజంగా ముట్టుకుంటారా, అద్దాల వెనక నుంచి చూసి వచ్చేస్తారా అని అక్కడి సీనియర్లను అడగండి. కన్వీనర్ కోటాలో సీటు వస్తే ఫీజు రీయింబర్స్‌మెంట్‌కు కావాల్సిన ఆదాయ ధ్రువపత్రం ఇప్పుడే తీసి పెట్టుకోండి, చివరి వారంలో సచివాలయం చుట్టూ తిరిగే పని తప్పుతుంది.